మెట్ల కింద నిండు సిలిండర్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కొర్లగుంటలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. వంటిల్లు ఇరుకని నిండు సిలిండర్‌ను మెట్ల కింద అరలో, ఇన్వర్టర్ పక్కన పెడుతున్నాం. కొత్తది బిగించిన ప్రతిసారీ చాలాసేపు వాసన వస్తోంది. మామూలేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మామూలు కాదమ్మా. రెగ్యులేటర్ పెట్టేటప్పుడు లీలగా వచ్చి పోయే వాసన వేరు. ఆగకుండా వస్తోందంటే అది లీకే.

ముందు ఆ సిలిండర్‌ను మెట్ల కింద నుంచి ఈరోజే తీయించండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు. నేలమీద పరుచుకుని మూలల్లో నిలిచిపోతుంది. మూసిన అరలో అది పోగైతే, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. పై కిటికీ ఒక్కటీ తెరిచి ఊరుకోకూడదనేదీ అందుకే. నేలదాకా ఉండే తలుపు తెరవాలి. సిలిండర్‌ను ఎండ తగలకుండా, గాలి ఆడేచోట, నిలువుగా, సేఫ్టీ క్యాప్ బిగించి ఉంచండి. వెనక వరండా ఉంటే అదే మేలు.

ఇక వాసన సంగతి. వాల్వ్ నోట్లో నల్లటి రబ్బరు వాషర్ ఉంటుంది. అది లేకపోయినా, చిట్లినా రెగ్యులేటర్ టక్కున కూర్చుంటుంది. కానీ స్విచ్ తిప్పగానే పక్కల నుంచి గ్యాస్ జారుతుంది. అందుకని సిలిండర్ తెచ్చినతను గుమ్మంలో ఉండగానే క్యాప్ తీయించి వాషర్ చూడండి. వాల్వ్ మీద నాలుగు చుక్కలు సబ్బునీళ్లు వేయించండి. బుడగ లేస్తే వెనక్కి పంపేయండి. బిగించాక పొయ్యి నాబులు మూసి, రెగ్యులేటర్ ఆన్ చేసి, వాల్వ్ చుట్టూ, ట్యూబు రెండు చివర్లా నురగ రాయండి. అగ్గిపుల్ల వెలిగించి చూడటం మాత్రం వద్దే వద్దు.

వాసన గుప్పుమంటే మంటలన్నీ ఆర్పి, రెగ్యులేటర్ ఆపి తీసి, క్యాప్ పెట్టి, తలుపులు తెరవండి. కరెంటు స్విచ్ వేయొద్దు, ఆపనూ వద్దు. ఇంటి బయటికి వెళ్లాకే 1906కు ఫోన్ చేయండి.

ప్రశ్న: గ్యాస్ అయిపోవస్తే సిలిండర్ పడుకోబెట్టి మరో పూట వండుకోవచ్చంటారు. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చేయకండి. సిలిండర్‌లో ఉండేది ద్రవం. నిలబెడితే పైనున్న ఆవిరి మాత్రమే ట్యూబులోకి వస్తుంది. పడుకోబెడితే ద్రవమే వచ్చేస్తుంది. అది ఆవిరైతే సుమారు 250 రెట్లు పెరుగుతుంది, మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. వేడినీళ్లలో పెట్టడమూ ప్రమాదమే.

గ్యాస్ త్వరగా అయిపోతోందని అనుమానమైతే తీసుకునేటప్పుడే తూకం వేయించండి. సిలిండర్ మీద రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే ఎంతో అంత తూగాలి. పనిలో పనిగా లోపలి పట్టీ మీది గడువూ చూడండి: ‘బి-27’ అని ఉంటే 2027 జూన్ వరకు. ఆరెంజ్ ట్యూబు చూడ్డానికి బాగానే ఉన్నా 5 ఏళ్లకు మార్చేయండి.