హాట్ హ్యాచ్ మార్పులకు మూడు నెలల జీతం పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. ఐదేళ్ల క్రితం తయారై 62 వేల కిలోమీటర్లు తిరిగిన టర్బో పెట్రోల్ హాట్ హ్యాచ్‌ను (బలమైన ఇంజిన్ ఉన్న చిన్న కారును) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాని వాయిదాకు నెల జీతంలో 18 శాతం పోతోంది, ఇంకా 14 నెలలు కట్టాలి. ఐదు నెలల జీతానికి సమానమైన పొదుపు ఉంది, నెలనెలా మరో 15 శాతం దాచగలుగుతున్నాను. మూడు నెలల జీతం పెట్టి ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగుల మార్పు), స్పోర్ట్స్ సైలెన్సర్, కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు, 18 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించాలని ఉంది. పొదుపు తీయకపోతే క్రెడిట్ కార్డు మీద 24 నెలల వాయిదాలకైనా చేస్తామంటున్నారు. రోజూ ఆఫీసుకు వెళ్లేది ఈ కారులోనే, నెలకు ఒకటి రెండుసార్లు సరదాగా కొండదారుల్లో నడుపుతాను. టైర్లు ఇంకా బాగానే ఉన్నాయి. వీటిలో ఏది చేయించుకుంటే డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుంది?

జవాబు: ఇష్టమైన దాని మీద ఖర్చు పెట్టుకోవడం తప్పు కాదు, కాబట్టి కారును ఉన్నది ఉన్నట్టే ఉంచుకోండి అని నేను చెప్పబోవడం లేదు. అయితే మీరు రాసిన నాలుగింటిలో రీమ్యాప్ ఇప్పుడు వద్దనీ, సైలెన్సర్, పెద్ద చక్రాలు అసలు అవసరం లేదనీ, స్ప్రింగులకు సమయం ఇంకా రాలేదనీ నా అభిప్రాయం. మీ జాబితాలో లేని టైర్లు, బ్రేకులే అన్నింటికన్నా ముందు రావాలి.

క్రెడిట్ కార్డు సంగతి మొదట తేల్చేద్దాం. ఏడాదికి 24 శాతం వడ్డీ అనుకుంటే, 100 అప్పు తీసుకుని 24 నెలల్లో తీర్చేసరికి మీరు కట్టేది దాదాపు 127 అవుతుంది. విలువ తగ్గిపోయే వస్తువుకు, అందులోనూ అమ్మేటప్పుడు తిరిగి రాని హంగుకు, నాలుగో వంతుకు పైగా అదనంగా కట్టడం ఏ లెక్కన చూసినా సరికాదు. ఆ దారి మూసేయండి.

పొదుపు నుంచి తీసినా అది ఉచితమేమీ కాదు. ఏడాదికి 8 శాతం రాబడి వచ్చే చోట ఉంచితే ఈరోజు 100 పదేళ్లకు దాదాపు 216 అవుతుంది. మరోవైపు, మార్పులు చేసిన కారుకు కొనేవాళ్లు తక్కువ. ముందు యజమాని దాన్ని ఎలా నడిపాడో అన్న అనుమానంతో చాలామంది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారునే వెతుక్కుంటారు. అందుకే ఈ డబ్బును పెట్టుబడిగా కాకుండా పూర్తిగా ఖర్చుగానే రాసుకుని, ఏ మార్పు గురించైనా నన్ను నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. అది కారు నడిపిన ప్రతిసారీ పనికొస్తుందా, ఎప్పుడో ఒకసారి మాత్రమేనా? దాని వెనుక ఇంకెన్ని ఖర్చులు వరస కడతాయి?

ఇంకో సూత్రాన్ని నేను ఇంతకన్నా గట్టిగా నమ్ముతాను. అరిగిన భాగాన్ని ఎలాగూ మార్చాల్సిన రోజున దానికన్నా మెరుగైనది వేయిస్తే, మీకు నిజంగా పడే భారం ఆ రెండింటి ధరల మధ్య తేడా మాత్రమే. అదే భాగం ఇంకా సగం ఆయుష్షుతో ఉండగా తీసి పక్కన పెడితే, కొత్తదాని పూర్తి ధరతో పాటు పాతదానిలో మిగిలిన సగాన్నీ మీరే పోగొట్టుకుంటారు. బిగింపు కూలీ కూడా మొదటి సందర్భంలో ఎలాగూ కట్టాల్సినదే, రెండో సందర్భంలో అదనం.

టైర్లు బాగానే ఉన్నాయని రాశారు కాబట్టి ఒక అనుభవం చెబుతాను. రీమ్యాప్ అంచనా కాగితం పట్టుకుని నా దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. ఆయన కారుకు అప్పటికే ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేసి ఉన్నాయి. కిందికి వెళ్లి చూద్దామని అడిగి, స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, ముందు టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. బయటి అంచున గాడులు లోతుగానే ఉన్నాయి. లోపలి అంచు వెంట వేలు జరిపితే మాత్రం రబ్బరు నున్నగా తగిలింది, ఇంకాస్త పైన దారపు పోగులు గుచ్చుకున్నాయి. స్ప్రింగులు వేశాక వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించలేదట. నిలబడి చూసేవాళ్లకు ఆ టైరు కొత్తదానిలా కనిపిస్తుంది. అదే టైరు పక్కభాగం మీద అచ్చువేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2216 అని ఉంటే 2016లో 22వ వారం అన్నమాట. మీరు కూడా ఈరోజే నాలుగు టైర్ల మీద ఆ అంకెలు చూడండి. కారుతో పాటు వచ్చిన టైర్లే అయితే వాటికి ఐదేళ్లు నిండాయి. గాడి లోతు చాలా దేశాల్లో చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్లకు పైన ఉన్నా, వయసుతో గట్టిపడిన రబ్బరు తడి రోడ్డు మీద మునుపటిలా పట్టదు.

కారుకూ రోడ్డుకూ మధ్య ఉన్న సంబంధమంతా నాలుగు చోట్ల అరచేయంత రబ్బరే. ఇంజిన్ ఎంత బలం ఇచ్చినా, బ్రేకు ఎంత గట్టిగా పట్టినా అది రోడ్డుకు చేరేది అక్కడి నుంచే. మంచి టైరు ఆఫీసుకు వెళ్లే రోజూ పనిచేస్తుంది, కొండదారిలోనూ పనిచేస్తుంది, వానలో అకస్మాత్తుగా ఎవరైనా అడ్డొచ్చిన క్షణంలోనూ పనిచేస్తుంది. ఎలాగూ మార్చాల్సిన వస్తువు కాబట్టి మీకు పడేది తేడా ధరే. నా సలహాలో మొదటి ఖర్చు ఇదే, దీని తర్వాత వెంటనే అలైన్‌మెంట్.

బ్రేకుల విషయంలో పెద్ద డిస్కుల కిట్ జోలికి వెళ్లకండి. గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేస్తోందంటే, చక్రాన్ని ఆపేంత బలం ఇప్పుడున్న బ్రేకులకే ఉందని అర్థం, అక్కడి నుంచి కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు పట్టు మీదే ఆధారపడుతుంది. కొండ దిగేటప్పుడు వచ్చే సమస్య వేడి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, తొక్కిన పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారులో దాన్ని ఎప్పుడు మార్చారో మీకు తెలియదు కాబట్టి ఇప్పుడే మార్పించండి, తర్వాత రెండేళ్లకోసారి మార్పిస్తూ ఉండండి. ప్యాడ్లు అరిగిన రోజున ఒక మెట్టు మెరుగైనవి వేయించండి. చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టని రేసు ప్యాడ్లు మాత్రం ఆఫీసు కారుకు పనికిరావు.

స్ప్రింగులను మాత్రమే మార్చితే, వేరే ఎత్తుకు తయారైన పాత షాక్ అబ్జార్బర్లు ఇరుకైన పరిధిలో పనిచేసి త్వరగా పాడవుతాయి, ఆ తర్వాత అవి మార్చడానికి మళ్లీ అదే కూలీ కట్టాలి. షాక్ అబ్జార్బర్లు మార్చే సమయం వచ్చినప్పుడు, వాటికి సరిపడే స్ప్రింగులతో కలిపి ఒక సెట్‌గా తీసుకోండి. ఈలోగా వంపుల్లో ముందుభాగం బయటికి జారుతున్నట్టు అనిపిస్తే, వెనుక యాంటీ రోల్ బార్ (వంపుల్లో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) కాస్త గట్టిది వేయించడం తక్కువ ఖర్చుతో బాగా తెలిసే మార్పు.

18 అంగుళాల చక్రాలు చాలావరకు పాతవాటికన్నా బరువెక్కుతాయి, వాటి టైర్లు ఎప్పటికీ ఖరీదు, పక్కగోడ సన్నబడటంతో గుంతలో పడితే రిమ్ దెబ్బతింటుంది. అంటే ఒకసారి కొన్నందుకు ప్రతి టైరు మార్పిడికీ పన్ను కడుతూ ఉంటారు. 1976లో అమ్మకానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వారి మొదటి హాట్ హ్యాచ్ గోల్ఫ్ జీటీఐకి 1.6 లీటర్ల ఇంజిన్, 110 హార్స్‌పవర్, దాదాపు 810 కిలోల బరువు. ఈ తరహా కార్లను జనం ప్రేమించింది ఆ తేలికదనాన్ని చూసే. ఇక సైలెన్సర్ ఇచ్చేది ప్రధానంగా శబ్దం. పొగలోని హానికర వాయువులను తగ్గించే ఉత్ప్రేరక కన్వర్టర్‌ను తీసేసే పైపుల గురించి ఎవరైనా చెబితే వినకండి, అది చాలా దేశాల్లో చట్టవిరుద్ధం.

రీమ్యాప్ గురించి న్యాయంగానే మాట్లాడతాను, ఎందుకంటే టర్బో ఇంజిన్‌కు పెట్టిన డబ్బుకు ఇంత బలం తెచ్చే మార్పు మరొకటి లేదు, ఐదో వంతు వరకు పెరగడం మామూలే. తడిసి మోపెడయ్యేది దాని వెనుక వచ్చే ఖర్చు. తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా పెరిగే టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలాన్ని) క్లచ్ మోయాలి, 62 వేల కిలోమీటర్లు అరిగిన క్లచ్ మోయలేకపోవచ్చు, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ తప్పనిసరి కావచ్చు. వారంటీ ఏమైనా మిగిలి ఉంటే ఇంజిన్ మరమ్మతులకు అది వర్తించకపోవచ్చు. వేగం పెరిగితే బ్రేకుల మీద భారం అంతకన్నా ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది, గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి వెళితే ఆపాల్సిన శక్తి 44 శాతం ఎక్కువవుతుంది. టైర్లు, బ్రేకులు ముందు అన్నది ఇందుకే.

అన్నింటికన్నా నన్ను భయపెట్టేది బీమా. ఏ మార్పునైనా బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, వాళ్ల అంగీకారం కూడా రాతలోనే తీసుకోండి. చెప్పకుండా చేయించి ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. అప్పుడు కారు పోయినా మిగిలిన వాయిదాలు మీరే కట్టాలి, అవతలివారికి నష్టపరిహారం కూడా మీ మెడకే చుట్టుకోవచ్చు. పెరిగే ప్రీమియాన్ని ముందే అడిగి రీమ్యాప్ ధరకు కలుపుకోండి, అసలు ధర అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు మీ లెక్క. ఐదు నెలల పొదుపులో నాలుగు నెలలది అత్యవసర నిధిగా విడిగా ఉంచండి. మిగిలిన ఒక నెల జీతం పరిమితిలో టైర్లు, బ్రేక్ ఆయిల్, అవసరమైతే ప్యాడ్లు, అలైన్‌మెంట్ పూర్తి చేయండి. నెలనెలా దాచే 15 శాతంలో 10 శాతం అత్యవసర నిధికి, 5 శాతం కారు పేరుతో వేరే ఖాతాకు పంపండి. వాయిదాలు ముగిసే 14 నెలలకు నిధి 5.4 నెలల జీతానికి చేరుతుంది, కారు ఖాతాలో 70 శాతం నెల జీతం ఉంటుంది. ఖాళీ అయిన 18 శాతాన్ని కూడా నిధికే మళ్లిస్తే మరో మూడు నెలల్లోపే ఆరు నెలల గడప దాటుతారు. కారు ఖాతాలో ఉన్నంత వరకు మీకు నచ్చినట్టు ఖర్చు పెట్టుకోండి, అందులో లేనిది పెట్టకండి. తీసిన అసలు భాగాలన్నీ భద్రపరచండి. అమ్మే ముందు వాటిని తిరిగి బిగించి, మెరుగైనవాటిని విడిగా అమ్ముకోవచ్చు.

అప్పటికీ రీమ్యాప్ మీద మనసుంటే, ముందు క్లచ్‌ను పరీక్షించండి. ఖాళీ రోడ్డు మీద పై గేరులో, తక్కువ ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రమే ఎగబాకితే క్లచ్ జారుతోందని అర్థం. అలా అయితే ఆ డబ్బు క్లచ్‌కే పోవాలి. గేర్‌బాక్స్ దించిన ఆ రోజునే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండో చక్రానికి బలం అందేలా చూసే భాగం) కూడా వేయిస్తే కూలీలో చాలా భాగం కలిసొస్తుంది. ముందు చక్రాలతో నడిచే కారుకు వంపుల నుంచి బయటికి వచ్చేటప్పుడు రీమ్యాప్ కన్నా అదే ఎక్కువ ఉపయోగం.