రొయ్యల గుంటల్లో ఏ మార్పు ముందు?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లిస్టు చూశాను. మేత చల్లే ఆటో ఫీడర్లు, గుంటల అడుగున పరిచే ప్లాస్టిక్ షీటు, సోలార్, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చోటు మార్చడం... అన్నీ మంచివే. ఈ పంటకే అన్నీ చేస్తానంటే మాత్రం ఇందుకూరుపేటలో అప్పిచ్చేవాళ్లు చాలరు.

ఒక్కోదాని పక్కన రెండు సంగతులు రాయి. పట్టుబడి నాటికి, అంటే రొయ్యలు పట్టి అమ్మే నాటికి, ఎంత మిగులుతుంది, చేయడానికి ఎంత పడుతుంది. పడేదంటే డబ్బొక్కటే కాదు. గట్టు మీద మనుషులకు రోజూ ఎంత పని పెరుగుతుందో, ఏ అలవాటు మానుకోవాలో కూడా రాయి.

నన్నడిగితే మేతతో మొదలుపెట్టు. పంట ఖర్చులో సగం దాకా, ఒక్కోసారి అంతకు మించీ అదే. టన్ను రొయ్యకు 1500 కిలోలు పడుతోందనుకో, 1300కు దించితే టన్నుకు 200 కిలోల మేత మిగిలినట్టే. దానికి కొత్తగా కొనేదేమీ లేదు, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలు గుంటలోనే ఉన్నాయి. మేత చల్లాక రెండు గంటలకు పైకి తీసి, మిగిలిందెంతో పుస్తకంలో రాసి, తర్వాతి మేత దాన్నిబట్టి వేయించాలి. చిక్కల్లా ఒక్కటే, ట్రే తీయకుండానే 'ఏం మిగల్లేదు' అని రాసేస్తారు. కొన్నాళ్లు నువ్వే దగ్గరుండు. ట్రే చూడడం రాకముందే ఆటో ఫీడర్ కొంటే, మేత పారబోసే పని మిషను చేస్తుంది, అంతే.

రెండోది ఏరేటర్లు. తెల్లారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది కదా, ఆ వేళ మీటరుతో నాలుగు మూలలూ చూడు. తక్కువున్న వైపుకు ఏరేటర్ జరపడం ఒక పూట పని.

పీతల కంచె, పక్షుల వల దగ్గర లాభం గడిలో ఏం రాయాలో తోచదు. అక్కడ నష్టం రాయి. పీతలు, పక్షులు బయటి నుంచి వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు మోసుకురావచ్చు, అది తగిలితే కొద్ది రోజుల్లోనే గుంట ఖాళీ అయిపోతుంది. ఆ లెక్కలో కంచె చవకే.

షీటు సంగతి ఇప్పుడొద్దు, నీళ్లున్న గుంటలో ఎలా పరుస్తావు? పట్టుబడి అయి, గుంట ఎండాక చూద్దాం. సోలార్ ఇంకా వెనక్కి. మనకు కరెంటు ముఖ్యంగా కావలసింది రాత్రిళ్లు, బ్యాటరీలు కలిపితే ఖర్చు ఎక్కడికో పోతుంది.

ఏ మార్పైనా ముందు ఒక్క గుంటలో చెయ్యి, పక్కదాన్ని పాత పద్ధతిలోనే ఉంచు. రెండు మార్పులు ఒకేసారి పెడితే కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో ఆ లెక్క) దేనివల్ల బాగుందో తెలియదు. లిస్టు తిరగరాసి పంపు, ఈసారి అంకెలతో.

మీ మామయ్య