డాక్టర్ సలహా: నొప్పి బిళ్ళ ఆపండి, ముందు క్రియాటినిన్ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 44. మాది సోంపేట మండలం. జీడి పిక్కల బట్టీలో పొట్టు తీసే పనికి వెళ్తాను. మా ఆయన విశాఖలో పని చేస్తారు. పిల్లలు, అత్తగారు నా దగ్గరే ఉంటారు. ఇన్నాళ్ళూ ఇంట్లో వాళ్ళను చూసుకోవడంతోనే సరిపోయింది, ఇకనైనా నా ఒంటిని కాస్త పట్టించుకుందామని ఉంది. పెద్ద ఖర్చు లేకుండా ఇంట్లోనే రోజూ చేసుకోదగ్గవి చెప్పండి. పరగడుపున గోరువెచ్చటి నీళ్ళలో తేనె, నిమ్మరసం తాగితే మంచిదా? యోగా చేయాలా, నడిస్తే చాలా? బీపీకి బిళ్ళ వాడుతున్నాను. మోకాళ్ళు, నడుం నొప్పులకు మందుల షాపులో తెచ్చుకున్న బిళ్ళ రాత్రి ఒకటి వేసుకుంటేనే పొద్దున్న పనికి లేవగలుగుతున్నాను. ఏడాదిగా ఇలాగే గడుస్తోంది. పని దగ్గర మరుగుదొడ్డి ఇబ్బంది వల్ల నీళ్ళు తక్కువ తాగుతాను. మా అన్నయ్యకు డయాలసిస్ జరుగుతోంది.

జవాబు: అమ్మా, తేనె నిమ్మరసం సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించినవి చివర మీరు మామూలుగా రాసేసిన మాటలు. బీపీ, ఏడాదిగా రోజూ నొప్పి బిళ్ళ, నీళ్ళు తక్కువ, తోడబుట్టినవాడికి డయాలసిస్, పైగా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో కాపురం. ఇన్నీ ఒకే మనిషికి ఉంటే ఏ డాక్టరైనా ముందు కిడ్నీల గురించే అడుగుతాడు.

ఓపీ మధ్యలో రాస్తున్నాను, అందుకని ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. ఈ రాత్రి నుంచి ఆ నొప్పి బిళ్ళ వేసుకోకండి (అట్ట లేకుండా కాగితం పొట్లంలో ఇచ్చిన మందైతే మాత్రం, ఆపే ముందు కింద చెప్పింది చదవండి). ఈ వారంలోనే రక్తంలో సీరం క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం), పొటాషియం, షుగర్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్షలు చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి. సోంపేట ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, లేదంటే పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మీకు దగ్గరే. శ్రీకాకుళం దాకా రావాల్సిన పని లేదు.

మీరు వేసుకుంటున్న బిళ్ళ పేరు రాయలేదు. షాపుల్లో ఒళ్ళు నొప్పులకు అడగ్గానే ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి. చాలా మంది నాతో "పారాసిటమాలే కదండీ వేసుకుంటున్నాం" అంటారు. అట్ట తీసి చూపించమంటే పారాసిటమాల్ పక్కనే ఎసిక్లోఫెనాక్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండూ కలిపిన బిళ్ళ అది. మీ ఇంట్లో అట్ట ఉంటే పిల్లల చేత చదివించండి, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. ఒకవేళ అది అట్ట లేకుండా కాగితం పొట్లంలో ఇచ్చిన రెండు మూడు రంగుల బిళ్ళలైతే ఇంకా జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. ఏడాదిపాటు రోజూ స్టెరాయిడ్ వాడిన వాళ్ళు దాన్ని ఉన్నపళంగా మానేయడం కూడా ప్రమాదమే. పొట్లం మందే అయితే, ఆపే ముందు ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఈ నొప్పి బిళ్ళలు కిడ్నీని ఎలా దెబ్బతీస్తాయో తెలిస్తే షాపు ముందు నిలబడినప్పుడు మీకే చెయ్యి వెనక్కి వస్తుంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచడానికి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. నొప్పి, వాపు పుట్టించేవీ ఆ జాతివే. బిళ్ళ వీటి తయారీని అణచడం వల్లే నొప్పి తగ్గుతుంది, దాంతో పాటే కిడ్నీకి వెళ్ళే రక్తమూ తగ్గుతుంది. పొలం తూము సగం మూసినట్టే. ఒంట్లో నీళ్ళు సరిపడా ఉండి, వయసులో ఉన్న ఆరోగ్యవంతుడు రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా తట్టుకుంటాడు. బట్టీ వేడిలో చెమటోడ్చి, నీళ్ళు తాగకుండా సాయంత్రం ఇంటికొచ్చే మనిషి కిడ్నీకి అప్పటికే రక్తం తక్కువ అందుతుంటుంది. దాని మీద రోజూ ఈ బిళ్ళ పడితే తట్టుకోలేదు. మీ బీపీ బిళ్ళ టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకమై, అందులోనే మూత్రం ఎక్కువగా పోయించే మందు కూడా కలిసి ఉంటే, నొప్పి బిళ్ళతో కలిపి ఆ మూడూ ఒకేసారి కిడ్నీని ఒత్తిడిలో పెడతాయి. అలాగని బీపీ బిళ్ళ మానేయకండి. బీపీ అదుపులో లేకపోతే కిడ్నీ ఇంకా తొందరగా పాడవుతుంది. మానాల్సింది నొప్పి బిళ్ళ.

డైక్లోఫెనాక్ లాంటివి డాక్టరు చీటీ మీదే అమ్మాలని నిబంధన ఉంది. అయినా పది రూపాయలకు చేతికొచ్చేస్తున్నాయి. ఆ సులువే మన ప్రాంతానికి చేటు చేస్తోందని నేను ఓపీలో కూర్చున్న ప్రతిసారీ చెబుతూనే ఉంటాను.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇన్ని కుటుంబాలు కిడ్నీ జబ్బుతో ఎందుకు బాధపడుతున్నాయో ఒక్క కారణంగా ఇంతవరకు తేలలేదు. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, వంశపారంపర్యం, నొప్పి మాత్రలు, అన్నింటి మీదా పరిశోధన జరుగుతోంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళే. నీళ్ళలో ఏముందో మీ చేతిలో లేదు. రాత్రి వేసుకునే బిళ్ళ మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇంకో మాట. "నాకు కాళ్ళ వాపు లేదు, మూత్రం బాగానే వస్తోంది, నాకేం లేదు" అనుకోకండి. ఉద్దానంలో కనిపించే రకం కిడ్నీ జబ్బు చాలా కాలం ఏ లక్షణమూ చూపించదు. మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు, కాబట్టి మూత్రపరీక్ష ఒక్కటే చేయించుకుని బాగుందని ఊరుకోకూడదు. క్రియాటినిన్ తప్పనిసరి. అది కూడా కిడ్నీల పని సగం దాకా తగ్గేవరకు మామూలుగానే కనిపించవచ్చు. అందుకే రిపోర్టులో కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె కూడా అడగండి, మీ వయసును బట్టి లెక్కగట్టి ఇస్తారు. అది 60 కంటే తక్కువగా మూడు నెలల పాటు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. మీ అన్నయ్య పిల్లలు పెద్దవాళ్ళైతే వాళ్ళకూ ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించండి.

నీళ్ళ విషయం. మరుగుదొడ్డి ఇబ్బందికి భయపడి ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు కట్టుకోవడం నేను రోజూ వింటున్న మాటే, వింటే బాధేస్తుంది. అది మీ తప్పు కాదు. పదిమందీ కలిసి బట్టీ యజమానిని అడగండి, అది అడగదగ్గ విషయమే. పరీక్షల్లో కిడ్నీలు, గుండె బాగున్నాయని తేలితే వేడిలో పనిచేసే మీకు రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్ళు అవసరం, ఒకేసారి కాదు, గంటకోసారి కాస్త కాస్త. తేలకముందు మితంగా తాగండి. కొబ్బరిబోండాలు మీ ఊళ్ళో కొదవలేదు కదా, వాటిలో పొటాషియం ఎక్కువ, అందుకని పొటాషియం రిపోర్టు వచ్చేదాకా వాటిని రోజూ తాగకండి.

మరి నొప్పుల సంగతి అంటారా? నొప్పి నిజమే, దాన్ని ఓర్చుకోమని చెప్పను. నేల మీద కూర్చుని గంటలకొద్దీ పనిచేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. జానెడు ఎత్తు పీట వేసుకుని కూర్చోండి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. రాత్రి వేడినీళ్ళ కాపడం పెట్టండి. వెల్లకిలా పడుకుని, ఒక కాలు తిన్నగా చాపి జానెడు పైకెత్తి, అయిదంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. తొడ కండ బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. మరీ భరించలేని రోజున ఉత్త పారాసిటమాల్ 500 బిళ్ళ ఒకటి వేసుకోవచ్చు. ఆరు గంటల లోపు రెండోది వద్దు, అయిదారు రోజులు మించి సొంతంగా వాడొద్దు. లివర్ జబ్బు ఉంటే అది కూడా అడిగే వాడాలి. నడుం నొప్పి కాలిలోకి పాకినా, కాలు తిమ్మిరెక్కినా ఎముకల డాక్టరుకు చూపించండి.

ఇక మీరు అడిగినవి. గోరువెచ్చటి నీళ్ళు తాగండి, నిమ్మరసం పిండుకున్నా నష్టం లేదు, తేనె మాత్రం షుగర్ పరీక్ష అయ్యాక. ఈ నీళ్ళ వల్ల ఒళ్ళు శుభ్రపడుతుందని చెప్పుకునేది నిజం కాదు. యోగా, నడకల్లో మీకు ఏది వీలైతే అది. వారంలో 150 నిమిషాల నడక చాలు. ఉప్పు రోజుకు ఇంట్లో మనిషికి ఒక టీ చెంచాకి మించనివ్వకండి, అందులో ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాల ఉప్పు కూడా లెక్కే. పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగే అలవాటుంటే మానొద్దు, ఉప్పు తగ్గించుకోండి చాలు. కిడ్నీలు శుభ్రం చేస్తాయని సంతల్లో అమ్మే పొడులు, కషాయాలు ముట్టుకోవద్దు. అత్తగారికి, పిల్లలకు పెట్టాక మిగిలింది తినడం కాకుండా వాళ్ళతో పాటే కూర్చుని తినండి. రాత్రి ఏడు గంటలైనా నిద్రపోండి.

మిమ్మల్ని చూడకుండా, ఉత్తరం చదివి చెబుతున్న మాటలివి. మీ డాక్టరు పరీక్షించి వేరే చెబితే అదే పాటించండి. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, ముఖం ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా పరీక్షల తేదీ కోసం ఆగకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున బీపీ బిళ్ళ వేసుకోవాలో ఆపాలో కూడా వాళ్ళనే అడగండి. పనికి ఒక్క పూట సెలవు పెట్టి ఈ వారంలోనే రక్తం ఇచ్చి రండమ్మా, పండగ అయ్యాక చూద్దాం అనుకోకండి.