బోర్డు మార్చకముందు మెట్టు కొలిచి చూడు

అల్లుడూ,

నీ మెసేజూ ఫోటోలూ చూశాను. రొయ్యల చెరువు నీటి వేడి 28.8 నుంచి ఒక్క గెంతున 29.3కి పోతోందనీ, ఆర్డుయినో ఊనో బోర్డు సెన్సరు వోల్టేజీని అంకెగా మార్చే 10 బిట్లు చాలడం లేదు కాబట్టి, అదే పని 16 బిట్లతో చేసే ఏడీఎస్1115 చిప్పు కొంటాననీ రాశావు. కాస్త ఆగు నాన్నా. ఉన్న 10 బిట్లనే నువ్వింకా పూర్తిగా వాడుకోలేదు.

10 బిట్లంటే 1024 మెట్లు. వాటిని 5 వోల్టుల మీద పరిచావు, ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులైంది. నీ వేడి సెన్సరు ఎల్ఎమ్35 డిగ్రీకి ఇచ్చేదే 10 మిల్లీవోల్టులు. ఇక అర డిగ్రీ మారితేగాని అంకె కదలదు. కాలవ లాకు దగ్గర గేజీ మీద అడుగుల గీతలే ఉంటే, అంగుళం నీరు పెరిగినా కనబడదు కదా!

బోర్డు కొలతకి పై హద్దుగా పట్టుకునే వోల్టేజీని, అంటే రిఫరెన్సును, ప్రోగ్రాములో చిప్పు లోపలిదైన ఇంటర్నల్‌కి మార్చు. అవే 1024 మెట్లు 1.1 వోల్టు మీదకి వస్తాయి, మెట్టుకు డిగ్రీలో పదో వంతు. మార్చగానే వచ్చే మొదటి నాలుగైదు రీడింగులు వదిలెయ్. ఆ 1.1 కూడా చిప్పుని బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చు. ఆ వోల్టేజీ బయటికి కనబడే ఏరెఫ్ పిన్ను దగ్గర మీటరు పెట్టి చూసి, వచ్చిన అంకెనే లెక్కలో వాడుకో. ఆ పిన్నుకి బయటి వోల్టేజీ మాత్రం ఇవ్వకు.

మధ్యాహ్నం మైనస్ 31.8 చూపించిందని టెన్షన్ పడ్డావు. సెన్సరు కాలలేదు. ప్రోగ్రాములో రీడింగును 500తో గుణించావు, ఊనోలో పూర్ణాంకాలు దాచే ఇంట్ అనే గడిలో 32767 దాకానే పడుతుంది. రీడింగు 65 అయితే 32500, సరిపోయింది. నీళ్లు 32 డిగ్రీలు దాటి రీడింగు 66 కాగానే 33000 అయి, పొర్లి మైనస్‌లోకి పోయింది. 1.1 వోల్టంటే 110 డిగ్రీలు కాబట్టి ఇప్పుడు 500 బదులు 110.0 అని చుక్కతో రాయి, చుక్క ఉంటే లెక్క దశాంశాల్లో జరిగి పొర్లదు. ఏరెఫ్ దగ్గర 1.08 వస్తే 108.0.

నీటికి గాలి పట్టించే ఏరేటర్లు వేసినప్పుడు రెండు డిగ్రీలు ఎగరడం వేరే జబ్బు. అది బిట్లతో పోదు. భీమవరం దగ్గర ఒక చెరువు మీద నేను రెండు రోజులు సెన్సర్లు మార్చి మార్చి విసిగిపోయాను. చివరికి చూస్తే ఏరేటరు మోటారుని వేసే రిలే స్విచ్చికీ సెన్సరుకీ గ్రౌండు తీగ ఒకటే. రిలే కరెంటు ఆ తీగలో పారి 20 మిల్లీవోల్టులు తేడా తెస్తే చాలు, రెండు డిగ్రీలు. సెన్సరు గ్రౌండును విడిగా, నేరుగా బోర్డుకి తీసుకురా. ఆ తీగను మోటారు కేబులు పక్కన కట్టకు.

మెట్లు సన్నబడినంత మాత్రాన అంకె నిజమైపోదు. రేపు తెల్లవారుజామున బావగారు గట్టు మీదకి వెళ్లేటప్పుడు గాజు థర్మామీటరు ఇచ్చి, సెన్సరు పక్కనే నీళ్లలో పెట్టమను. రెండు అంకెలూ రాసి పంపు, చూస్తాను.

మీ మామయ్య