ద్వీప దేశాల సోలార్ ప్లాంట్లు మూలపడకుండా ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

విదేశీ గ్రాంటుతో ద్వీపాల్లో పెట్టిన సోలార్ ప్లాంట్లు కొన్నేళ్లకే ఎందుకు ఆగిపోతాయని అడిగారు. ప్యానెళ్లు చెడి ఆగేవి తక్కువ. చాలాసార్లు గ్రాంటు డబ్బు కట్టడంతోనే అయిపోతుంది, తర్వాతి ఇరవై ఏళ్ల గురించి ఒప్పందంలో ఒక్క ముక్క ఉండదు.

ముందు గాలి సంగతి. 2017లో ఇర్మా, మారియా తుపాన్లకు కరీబియన్ దీవుల్లో చాలాచోట్ల దెబ్బతిన్నవి క్లాంపులే. పక్కపక్కనున్న రెండు ప్యానెళ్లను ఒకే క్లాంపు పట్టి ఉంచుతుంది. ఒకటి ఊడితే పట్టు వదులై రెండోదీ లేస్తుంది, అలా వరసంతా పోతుంది. అందుకే ప్యానెల్ ఫ్రేమును స్టాండుకు నేరుగా బోల్టులతో, వణుకుకు వదులవ్వని లాక్ నట్లతో బిగించాలని స్పష్టంగా రాయించండి. ఏటా తుపాన్ల కాలానికి ముందు టార్క్ రెంచితో (బిగింపు ఎంతుందో కొలిచే పానా) బిగింపు చూడటం కూడా అందులో ఉండాలి.

ఉప్పుగాలికి ఈ బోల్టులు, నట్లు తుప్పును బాగా తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువైతేనే పనికొస్తాయి. ఆ స్టీలు ప్యానెల్ ఫ్రేము అల్యూమినియానికి నేరుగా తగిలితే తడిలో అల్యూమినియాన్ని తినేస్తుంది, మధ్యలో నైలాన్ వాషర్ వేయాలి. ప్యానెళ్లు ఉప్పుగాలిని తట్టుకుంటాయని చూపే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61701 పరీక్ష సర్టిఫికెట్ అడగండి.

న్యూజిలాండ్ సాయంతో పసిఫిక్ సముద్రంలోని టోకెలావ్‌లో ఉన్న మూడు పగడపు దీవులు 2012లో డీజిల్ నుంచి దాదాపు పూర్తిగా సోలార్‌కు మారాయి. గొప్ప పని, సందేహం లేదు. కానీ ఇలాంటి చోట అసలు ఖర్చు బ్యాటరీలది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చుట్టూ వేడి 25 డిగ్రీలు దాటాక, ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఎండలో నిలబెట్టిన ఇనుప కంటైనర్‌లో పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నీడ, గాలి వచ్చే గది కట్టించండి. కరెంటు బిల్లుల్లోంచి కొంత వాటా బ్యాటరీల మార్పిడి కోసం విడి ఖాతాలో వేయాలని మొదటి రోజే రాసుకోవాలి.

డీజిల్ జనరేటర్‌ను స్టాండ్‌బైగా ఉంచుకుంటే, దాన్ని 30 శాతం లోడు కంటే తక్కువలో ఎక్కువసేపు నడపకూడదు. కాలని ఇంధనం ఎగ్జాస్టులో పేరుకుని ఇంజిన్ దెబ్బతింటుంది.

వర్ధమాన దేశాల వాతావరణ ప్రాజెక్టులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కు ప్రాజెక్టు పంపాలంటే గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే వెళ్లాలి. కరీబియన్‌కు బెలీజ్‌లోని వాతావరణ మార్పు కేంద్రం, పసిఫిక్‌కు సమోవాలోని ప్రాంతీయ పర్యావరణ సంస్థ అలాంటివే. ఆ దరఖాస్తులోనే స్థానిక టెక్నీషియన్ల శిక్షణ, దీవిలోనే ఉంచే ఒక అదనపు ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇళ్లలో వాడే ఏసీగా మార్చేది), ఫ్యూజుల ఖర్చు లెక్కగట్టండి. పాడైన భాగం ఓడలో వచ్చేదాకా దీవి చీకట్లో ఉండకూడదు. ఇన్వర్టర్ పాస్‌వర్డులు, సెట్టింగుల కాపీ కూడా అప్పగింత జాబితాలో చేర్చండి. అవి కాంట్రాక్టర్ దగ్గరే ఉండిపోతే చిన్న మార్పుకూ విదేశం నుంచి మనిషి రావాల్సిందే.