పరీక్షలు బాగున్నా తగ్గని తెల్లబట్ట, నీరసం మానసికమేనా?

పలాస దగ్గర ఉండే తమ పిన్నిగారి గురించి ఒకరు రాస్తూ, ఆమెకు పరీక్షలన్నీ బాగానే ఉన్నా తెల్లబట్ట, నడుంనొప్పి, అరికాళ్ల మంటలు తగ్గడం లేదని, ఇది మానసికమా అని అడిగారు. కావచ్చు, కానీ ఆ బాధ కల్పితం కాదు.

తెల్లబట్టతో ఒంట్లో సత్తువ పోతుందన్న నమ్మకం బలంగా ఉన్నచోట, భర్త వలస వెళ్లగా ఇంటి భారమంతా మోస్తున్న స్త్రీ "దిగులుగా ఉంది" అనడానికి బదులు "ఒళ్లు లాగేస్తోంది" అంటుంది, ఎందుకంటే ఆ మాట అంటేనే ఇంట్లోవాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్తారు. గోవాలో మానసిక వైద్య నిపుణుడు విక్రమ్ పటేల్ బృందం జరిపిన అధ్యయనంలోనూ తెల్లబట్ట ఫిర్యాదుకు మానసిక ఒత్తిడితో గట్టి సంబంధం కనిపించింది. మనసులోని బాధ ఇలా ఒంటి బాధగా బయటపడటం మన దగ్గరే కాదు: కొరియాలో అణచుకున్న కోపం గుండెల్లో మంటగా, పొట్టపైన ముద్దగా తెలిసే 'హ్వాబ్యుంగ్'ను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1994లో సంస్కృతిబద్ధ సిండ్రోమ్‌గా, అంటే ఒక సంస్కృతిలో ప్రత్యేకంగా కనిపించే రుగ్మతగా పేర్కొంది.

దుర్వాసన, దురద, అసాధారణ రక్తస్రావం ఉంటే మాత్రం ముందు స్త్రీవైద్యురాలికి చూపించాలి. రక్తహీనత పరీక్ష మరవకూడదు. ఆ తర్వాత "ఏమీ లేదు" అని పంపేయకుండా, ఆమె నిద్ర గురించీ దిగులు గురించీ ఎవరైనా తీరిగ్గా అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.