బ్యాంకు ట్రెజరీ నుంచి క్యాపిటల్ మార్కెట్ల అభివృద్ధి నిపుణుల వృత్తిలోకి రావడం ఎలా?

మీరు సీఏ పూర్తి చేసి, హైదరాబాదులో ఒక బ్యాంకు ట్రెజరీ విభాగంలో, అంటే బ్యాంకు సొమ్ముతో బాండ్లు కొని అమ్మే విభాగంలో, కొన్నేళ్లుగా పనిచేస్తున్నట్లు రాశారు. ప్రపంచ బ్యాంకు, దాని అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) వంటి సంస్థలు నియమించుకునే ఆర్థిక రంగ, క్యాపిటల్ మార్కెట్ల (షేర్లు, బాండ్ల మార్కెట్ల) అభివృద్ధి నిపుణుల వృత్తిలోకి రావడానికి ఉద్యోగం మానుకొని విదేశంలో పబ్లిక్ పాలసీ చదవాలా అని అడిగారు. నేను అప్పు తీర్చే స్థోమతకు గ్రేడు ఇచ్చే రేటింగ్ సంస్థలో ఉద్యోగం మొదలుపెట్టి, మునిసిపల్ బాండ్లకు (నగరపాలక సంస్థలు అప్పు తెచ్చుకోవడానికి జారీ చేసే బాండ్లకు) సంబంధించిన సాంకేతిక సహాయం పనిలోకి వచ్చి, ఇప్పుడు స్వతంత్ర కన్సల్టెంటుగా కొనసాగుతున్నాను. నా సలహా ఏమిటంటే, ప్రస్తుతానికి ఉద్యోగం మానవద్దు. ఈ రంగంలో గిరాకీ ఉన్నది పాలసీ గురించి బాగా మాట్లాడగలవారికి కాదు. మార్కెట్‌లోని ఏదో ఒక భాగం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో లోపలి నుంచి ఎరిగినవారికి.

మన దేశంలో ఈ మార్కెట్లను కట్టినవారి జీవితాలను చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిని తొలినాళ్లలో నడిపించిన ఆర్.హెచ్.పాటిల్ గారు పరిశ్రమలకు రుణాలిచ్చే ఐడీబీఐ నుంచి వచ్చినవారు. ప్రభుత్వ బాండ్ల లావాదేవీలను సెటిల్ చేసే క్లియరింగ్ కార్పొరేషన్, అంటే సీసీఐఎల్ ఏర్పాటులోనూ ఆయన పాత్ర ఉంది. సి.బి.భావే గారు ఐఏఎస్ వదిలి, 1996లో షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్ బాధ్యత తీసుకొని, కాగితపు షేర్ సర్టిఫికెట్ల నుంచి మనల్ని డీమ్యాట్ ఖాతాలకు మళ్లించే పని చేశారు. ఆ తరువాత 2008 నుంచి 2011 వరకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఛైర్మన్‌గా ఉన్నారు. మన వై.వి.రెడ్డి గారు, దువ్వూరి సుబ్బారావు గారు కూడా ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన తరువాతే అంతర్జాతీయ సంస్థల్లో పనిచేశారు, ఆపైన రిజర్వు బ్యాంకు గవర్నర్లయ్యారు.

మీరు తక్కువగా అంచనా వేసుకుంటున్నది మీ రోజువారీ పనినే. రిజర్వు బ్యాంకు వారి ఎలక్ట్రానిక్ ట్రేడింగ్ వ్యవస్థ ఎన్‌డీఎస్-ఓఎం తెర మీద ప్రభుత్వ బాండ్లు కొనడం, అమ్మడం, ఆ లావాదేవీలు సీసీఐఎల్ హామీతో సెటిల్ కావడం మీకు మామూలు విషయం. అయితే సీసీఐఎల్ 2002లో, ఎన్‌డీఎస్-ఓఎం 2005లో పని ప్రారంభించాయి. అంతకుముందు మన డీలర్లు ఫోన్ల మీదే బేరాలు కుదుర్చుకునేవారు. ఇప్పటికీ ఆ దశలోనే ఉన్న మార్కెట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అటువంటి చోట సెంట్రల్ బ్యాంకు అధికారి ఎదుట కూర్చొని, బాండు డెలివరీకీ దాని సొమ్ము చెల్లింపుకీ మధ్య ఎడం ఉంటే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో అనుభవంతో వివరించగలవారి అవసరం ఎంతో ఉంది.

నాకు బాగా తెలిసిన మునిసిపల్ బాండ్ల సంగతి కొంత వివరంగా రాస్తాను. పుణె నగరపాలక సంస్థ 2017 జూన్‌లో 7.59 శాతం వడ్డీకి రూ.200 కోట్లు సేకరించింది. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ అంతే మొత్తాన్ని 8.9 శాతానికి సేకరించింది. పత్రికల్లో ఈ తేడాను చూసినవారు హైదరాబాదు మీద మదుపరులకు నమ్మకం తక్కువని అనుకోవచ్చు. రేటింగులో కొంత తేడా ఉన్నా, ఆ నెలల్లో కేంద్ర ప్రభుత్వ బాండ్ల రాబడే ఒక శాతం దాకా పెరిగిందన్న, దానితో మిగతా బాండ్ల వడ్డీ కూడా పెరుగుతుందన్న సంగతి ట్రెజరీలో ఉన్న మీకు వెంటనే తడుతుంది. అదే ఏడాది ఆగస్టులో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ రూ.2,000 కోట్ల బాండ్లు జారీ చేసినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ ఉన్నప్పటికీ 10.32 శాతం ఇవ్వవలసి వచ్చింది. గ్యారంటీ ఉన్నా వడ్డీ ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు, జారీ చేసిన సంస్థకు సొంత రాబడి ఎంత, గ్యారంటీ సొమ్ము అవసరమైన రోజున ఎంత త్వరగా చేతికందుతుంది అనే లెక్కలతో జవాబు చెప్పడమే మా పని.

ఆ పనిలో ఎక్కువ భాగం బాండు గురించి కాదు, పద్దుల గురించి. ఒక మునిసిపాలిటీలో ఆస్తి పన్ను డిమాండు (కట్టవలసిందిగా లెక్కకట్టిన పన్ను) రిజిస్టరులో ఉన్న మొత్తానికీ, బ్యాంకులో జమ అయిన వసూళ్లకూ పొంతన కుదరక మేము వారాల తరబడి వార్డుల వారీగా లెక్కలు సరిచూశాము. మూతపడిన మిల్లుల మీద, కోర్టు వివాదాల్లో ఉన్న భవనాల మీద ఏటా డిమాండు రాస్తూ, దానిని రావలసిన బాకీగా చూపుతూ వచ్చారు. బాండుకు వడ్డీ కట్టేది పన్ను వసూళ్లు నేరుగా జమయ్యే, వేరే పనులకు వాడకుండా విడిగా ఉంచే ఎస్క్రో ఖాతా నుంచి కనుక, వసూలు కాని డిమాండుకు అక్కడ విలువ లేదు. అంకెలు తేలిన తరువాత రేటింగ్ సంస్థతో మాట్లాడడం మాకు ఎంతో తేలికైంది. సీఏ చదివిన మీకు ఇటువంటి చోట ఎంత పని ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు.

జీతభత్యాల సంగతి కూడా తెలిసి ఉండాలి. ప్రపంచ బ్యాంకు స్వల్పకాలిక కన్సల్టెంటుకు పనిచేసిన రోజుల లెక్కన చెల్లిస్తుంది; ఒక ఆర్థిక సంవత్సరంలో 150 రోజులకు మించి పని ఇవ్వదు. పింఛను ఉండదు, రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ ఎంతకాలమో ముందుగా తెలియదు. ఇంటి రుణం, పిల్లల ఫీజులు ఉన్నవారు దీనిని తేలికగా తీసుకోకూడదు. స్థిరమైన దారి కావాలంటే, వయోపరిమితి దాటకపోతే, సెబీ గ్రేడ్ ఎ లేదా రిజర్వు బ్యాంకు గ్రేడ్ బి అధికారుల పరీక్ష రాయండి. నియంత్రణ సంస్థలో పనిచేసినవారి మాటకు ఇతర దేశాల నియంత్రణ సంస్థలు ఇచ్చే గౌరవం బయటి నిపుణులకు దొరకడం కష్టం.

ఈలోగా మీరు చేయగలిగిన ముఖ్యమైన పని రాయడం. ఏడీబీ, ప్రపంచ బ్యాంకు ప్రకటించే కన్సల్టెంట్ పనుల టర్మ్స్ ఆఫ్ రిఫరెన్సులు (ఏ పని చేసిపెట్టాలో చెప్పే పత్రాలు) తెచ్చుకొని చదివితే, దాదాపు ప్రతిదానిలోనూ చివరకు అడిగేది ఒక నివేదికే అని గమనిస్తారు. కార్పొరేట్ బాండ్ల రెపో (కంపెనీల బాండ్లను హామీగా పెట్టి కొద్దికాలానికి అప్పు తెచ్చుకోవడం) మన దగ్గర ఎందుకు విస్తరించలేదో, మీ డీలింగ్ రూములో చూసినదాని ఆధారంగా, బ్యాంకు రహస్యాలేవీ బయటపెట్టకుండా పది పేజీలు రాసి, ఆ విషయం తెలిసిన పై అధికారికి చూపించండి. నన్ను తొలి కాంట్రాక్టుకు పిలిచినవారు నా డిగ్రీల గురించి అడగలేదు. నేను రాసిన ఒక రేటింగ్ నోట్‌లో ఎస్క్రో ఖాతా గురించిన పేరా మీద గంటసేపు ప్రశ్నలు వేశారు.